దీపం దగ్గర వెంట్

కెనడాలోని రెజైనాలో, ఓ ఇంటి బేస్‌మెంట్‌లో వేడిగాలి పైపులు, ఆ గాలి బయటికొచ్చే వెంట్లు బిగిస్తున్న తెలుగబ్బాయికి ఇంటావిడ అడ్డం పడింది.

"వెంట్ అక్కడ వద్దు బాబూ. గాలికి ఈ మూల మా దేవుడి పటాల ముందున్న దీపం కొండెక్కుతుంది."

"ఇక్కడ పెట్టకపోతే మంచం దాకా వేడి రాదాంటీ. ఎవరు పడుకుంటారు?"

"అద్దెకుండే అమ్మాయి, కాలేజీలో చదువుతోంది. చలేస్తోందని ఒక్కనాడూ అనలేదు."

"అనరాంటీ. నేనూ అనలేదు. ఖాళీ చెయ్యమంటారేమోనని, చదువయ్యేదాకా కోటు కప్పుకునే పడుకున్నాను."

ఆవిడ మంచం వైపు చూసింది. దుప్పటి మీద ఆ పిల్ల పాత కోటు పరిచి ఉంది. బద్ధకంతో మడతపెట్టట్లేదనే ఇన్నాళ్లూ అనుకుంది.

"వెంట్ అక్కడే పెట్టు బాబూ. ముందు ఆ పటాలు దింపి నా చేతికియ్యి, స్వామిని పైన వంటింట్లోకి తీసుకెళ్తాను."