మిరపసేన్లో టెన్తు సదివిన మా వదిన

ఏమ్మా పద్మా, రొంత ఇట్ల వచ్చి కూసో. యాడికి ఉరుకుతావు, పని యాడికీ పోదులే. నిన్న నువ్వు మా ఈరేశుతో మెల్లిగ మాట్లాడతాంటే నాకు ఇనపడింది. నాకు సెవుడు ఒగ సెవికే, రెండోది బాగనే ఉండాది. "తొమ్మిదిలో నిలిసిపోయినా, మల్లా పుస్తకం పట్టి టెన్తు కడతా" అంటివి గదా? నీ మొగుడు నా మనవడే గానీ ఉత్త మొద్దునాయాలు. "ఇద్దరు పిల్లోల్ల తల్లివి, ఇప్పుడు నీకు సదువేందే, ఊరోల్లు నగుతారు" అనె. నగనీలే! పండ్లుండేటోల్లు నగుతారు, మనదేం పోయె. మా భీమక్క వదిన సంగతి నీకు ఎవరన్నా సెప్పినారా? సెప్పలేదా? ఈ ఇంటికి కోడలై వచ్చి ఇన్నేండ్లాయె, ఆయమ్మ సంగతి నీ సెవినేయలేదంటే ఈల్లను ఏమనాలమ్మా! అదో, గోడమీద పటంలో పెద్ద బొట్టు పెట్టుకోనుండాదే, ఆయమ్మే. మా అన్న కృష్ణప్ప పెండ్లాము. నవ్వుతాండాదా, కోపంగుందా అని సూడొద్దు, ఆయమ్మ మొకమే అంత.

మన కౌతాళం పక్క సుగ్గి అంటే ఏందో నీకు తెల్దా? ఈడ పనులైపోతానే ఇండ్లకు తాళాలేసి, గిన్నెలూ గుడ్డలూ పిల్లోల్లూ అందర్నీ లారీకెత్తుకోని గుంటూరు పక్క మిరపకాయలు తెంపను పోయేది. వానొస్తే పంట, రాకుంటే గుంటూరు, ఇంతే గదా మన బతుకు. వదిన హైస్కూల్లో తొమ్మిది సదువుతాండె. క్లాసులో మొదుట ఆయమ్మేనంట. ఒగ పొద్దు వాల్ల నాయన వచ్చి తలుపుకాడ నిలబడుకోని "లెయ్ మే, లారీ వచ్చింది" అన్న్యాడంట. అయ్యవారు పాఠం సెప్తానే ఉండాడు. ఈయమ్మ లేసి వచ్చేసింది. సుగ్గి నుంచి తిరుక్కోని వచ్చేతలికి పరీచ్చలు అయిపోయినాయి. ఆ మరుసటేడు మా అన్నకు ఇచ్చి పెండ్లి సేసిరి. ఆ పెండ్లిలో నేను తిన్న్యా సూడు లాడ్లు, అబ్బబ్బా... ఏం సెప్తాంటి? ఆఁ, సదువు. పెండ్లయినాంక గుడ మల్లా సుగ్గే. ఇంగా ఏందంటే, మన గుంపుకంతా ఆయమ్మే మేస్త్రి. రైతుతో మాట్లాడేది, మందిని సాళ్ళలో నిలబెట్టేది, కొట్లాడుకుంటే సర్దేది, అంతా ఆయమ్మే. మొగోల్లం మేము సంచులు మోసేటోల్లం. ఆయమ్మ ఒగ మాట అనిందంటే మా అన్న గుడ కిమ్మనేటోడు కాదు.

అట్లుంటే మన ఊరికి అంగన్‌వాడీ పడింది. టీచరుకు టెన్తు పాసయి ఉండాలంట, ముప్పై అయిదు దాటకూడదంట. ఊర్లో టెన్తు పాసయిన ఆడామె ఒగరన్నా ఉంటేగా! వదినకు అప్పుటికి ముప్పై నాలుగు. "అయ్యన్నా, ఈ యేడు తప్పితే ఇంగ నాకు రాదురా" అనింది నాతో. "నాకు రాకపోతే నా బిడ్డ గుడ నా మాదిరే సేన్లల్లో పెరుగుతాది" అనింది. బిడ్డ అంటే రాణి, నీకు అత్త వరస, సూసినావులే, హాలహర్విలో ఉంటాదే, ఆమే. అప్పుడు రెండో తరగతి. సగం యేడు బడి, సగం యేడు మిరపసేను. ఆ పోస్టు వస్తే బిడ్డను ఊర్లోనే పెట్టుకోవచ్చని వదిన ఆశ. దానికోసరం ప్రైవేటుగా టెన్తు కట్టేసింది. మా యమ్మ రామమ్మ ఉండె గదా, నోరంటే నోరు కాదు అది. "ఏమే కోడలా, జడలు ఏసుకోని రిబ్బన్లు గుడ కట్టుకుంటావా? సీర ఇప్పేసి గౌను కుట్టిచ్చాల్నా?" అని వాకిట్లో నిలబడుకోని అందరికీ ఇనపడేటట్ల అనేది. ఆ యేడు ఎమ్మిగనూరు జాతరకు అందరం పోతిమి. ఆడోల్లంతా గాజులు ఏసుకుంటాంటే ఈయమ్మ కనపడలే. యాడ తప్పిపోయె తల్లీ అని నేను తేరు సుట్టూ ఎతికి ఎతికి సచ్చినా. సూస్తే ఒగ పుస్తకాల అంగడి కాడ నిలబడుకోని బేరం సేస్తాండాది, సంకలో గైడ్ల కట్ట! నాకు నగువొచ్చె, ఆయమ్మ సూసిన సూపుకు నోరు మూసుకుంటి.

జాతరైనాంక సుగ్గికి ఎల్లినాము. మార్చిలో పరీచ్చలు, అదీ కాయ జోరుగా వచ్చే టైము. పగలంతా వంగి తెంపేది, సందేళకు వంట, ఇంగెప్పుడు సదువుతాది సెప్పు? ఏం సేసిందో సెప్తా ఇను. పొద్దున కూడు తినేటప్పుడు గైడు తెరిసి రొంత సదివేది. సేన్లోకి దిగినాంక, సాళ్ళలో ఆడోల్లు పాట పాడుకుంటా తెంపుతారు గదా, ఒగరు ఎత్తుకుంటే కడమోల్లు అందుకుంటారే, ఆ పాట తీసేసి పాఠం పెట్టేసింది! ఆయమ్మ ముందు సాలు. "గుండెకు గదులెన్నే?" అని అరిసేది. ఎనకాల అందరూ "నాలుగే!" అనేటోల్లు. మా హులిగమ్మ ఉండె, నవ్వులాటది, "గుండెకు నాలుగు గదులంట. మా మొగుని గుండెలో నాకు ఒగ గదిలో గుడ తావు లేకపాయెనే" అనేది. సేనంతా నగేది. ఒగ్గో పొద్దు మన ఆడోల్లు "మే, ఈ పొద్దు ఆ రాజులది వద్దు, ఏర్లది పెట్టు, ఏర్లది బాగుంటాది" అని అడిగేటోల్లు. రైతు గట్టు మీద నిలబడి "ఏమ్మా మేస్త్రీ, కోతకొచ్చారా, బడికొచ్చారా?" అన్న్యాడు. తర్వాత సంచులు సూసుకోని ఇంగ నోరెత్తలేదు. మాటకు ఒగ కాయ, మాటకు ఒగ కాయ, మామూలు కంటే బిరీన సాగుతాండె పని. అంత మొండిదమ్మా ఆయమ్మ! నేను సంచి మోస్తా నిలబడి సూసేటోన్ని. నాకే, ఏదీ రానోనికి, సగం టెన్తు వచ్చేసింది.

పరీచ్చలకు నేనే తోడు పోయినా. గుంటూర్లో రైలెక్కి గుంతకల్లు, ఆడ దిగి మల్లా ఆదోని. ఆ బండి సాగేది కాదమ్మా, ఎద్దులబండి నయం. ఆదోనిలో ఒగ హైస్కూల్లో సెంటరు పడింది. గేటుకాడ ఒగాయప్ప "ఏమ్మా, పిల్లోల్ల కోసరం వచ్చినావా, బయట ఉండాల" అన్న్యాడు. "నేనే రాసేది సామీ" అని లోపలికి పాయె. నేను గోడబయట యాపసెట్టు కింద కూసుంటి. లోపల జరిగింది ఆయమ్మ సెప్పిందే నీకు సెప్తాండా. పేపరు ఇచ్చినారంట. సూస్తే అన్నీ సదివినవే. రాద్దామంటే ఒగటి గుడ గుర్తు రాలేదంట! తల ఎండిన సెరువు మాదిరి అయిపోయిందంట. సుట్టూ పదైదేండ్ల పిల్లోల్లు సరసరా రాస్తాండారు. అప్పుడేమాయెనో, సేతులు వాటంతటవే బల్ల కింద కదలబట్టినాయంట. తొడిమె పట్టి పైకి ఇరిసి, ఒడిలో ఏసుకున్న్యట్ల. కదులుతానే ఒగ మాట వచ్చె. మల్లా ఒగటి. ఓహో, ఇదా సంగతి అనుకోని రొంతసేపు తెంపేది, రొంతసేపు రాసేది.

అప్పుడే స్క్వాడు వచ్చె. ఒగ సారు సూసినాడు, ఈయమ్మ సేతులు బల్ల కింద ఆడతాండాయి. ఇంగ సెప్పాల్నా? "లెయ్! ఏం తీస్తాండావు కింద?" అని అరిసినాడు. ఎవరో టీచరమ్మను పిలిసి సీర దులిపిచ్చిరి. ఏముంటాది, ఏమీ లేదు. "మరి సేతులేం సేస్తాండాయి?" "మిరపకాయలు తెంపుతాండా సార్." క్లాసంతా ఒగటే నగువు. సారుకు మండింది. "నాతో ఎగతాళా? బుక్ సేస్తా, ఇంగ మూడేండ్లు పరీచ్చ రాయలేవు" అన్న్యాడు. మూడేండ్లు! ఆయమ్మకు ఆ ఒగ యేడే గదా ఉండేది. పోస్టు పాయె, బిడ్డ సదువు పాయె. "సార్, నేను సేన్లో కాయ తెంపుతా తెంపుతా నేర్సుకున్న్యా. సేతులు కదలకుంటే నాకు రాదు. ఈ పేపర్లో లేంది ఏదన్నా అడుగు సార్" అనింది. ఆ సారు "కృష్ణానది ఉపనదులు సెప్పు" అన్న్యాడు. ఈయమ్మ కండ్లు మూసుకోనింది. ఉత్త గాలిలో సెయ్యి పెట్టి తెంపింది. కొయ్న. ఇంగొగటి తెంపింది. ఘటప్రభ. మలప్రభ. భీమ. తుంగభద్ర. ఒగొగ కాయకు ఒగొగ ఏరు. పిల్లోల్ల నగువు ఎప్పుడు నిలిసిపోయిందో తెలీదంట. కండ్లు తెరిస్తే సారు ఆయమ్మ సేతి ఏళ్ళనే సూస్తాండాడు. నల్లగ, తోలు లేసిపోయి, పగిలి ఉండాయి గదా. బల్ల మీద పడిపోయిన పెన్ను ఆయప్పే తీసి సేతికిచ్చి, "తెంపు తల్లీ. నీ కాయలు నువ్వు తెంపు. బల్ల పైనే తెంపు, నిన్నెవరూ ఏమనరు" అన్న్యాడంట. ఇది సెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు జల్లుమంటాదమ్మా, సూడు, ఎంటికలు లేసినాయి సూడు!

పాసాయె. లెక్కల్లో అత్తెసరు మార్కులు, పాసంటే పాసే. పోస్టు గుడ వచ్చె. ఆ యేడు మేమంతా సుగ్గికి పోయినాము, ఆయమ్మ రాణిని పెట్టుకోని ఊర్లో ఉండిపాయె. మేము తిరుక్కోని వస్తే నాతో ఏమనిందో తెల్సా? "అయ్యన్నా, సుగ్గికాలంలో మన ఊరు యట్లుంటాదో నేను ఎప్పుడూ సూడలేదురా. అన్ని తాళాలే. బడిలో అయ్యవారు ఉత్త బల్లలకు కాపలా కాస్తాండాడు" అనింది. మరుసటేడు లారీ వచ్చి నిలబడితే దాని ముందర పోయి కూసున్న్యాది! "మీరు పోండి, నేను వద్దనను, పోకుంటే కడుపు నిండదు. పిల్లోల్లను మాత్రం దించండి. కూడు నేను ఒండుతా, జొన్నలు ఇచ్చిపోండి" అనింది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి బేజారై దిగి బీడీ ముట్టిచ్చుకున్న్యాడు. కొట్లాటలు, తిట్లు, ఏమిటికి అడుగుతావులే. తుదకు నలుగురు పిల్లోల్లు దిగినారు. పై యేడు ఇంగా దిగినారు. అట్లట్ల వాల్లు హైస్కూలు దాకా పోయినారు. పగలు అంగన్‌వాడీలో సిన్నపిల్లోల్లు, సందేళకు మన ఇంట్లో పెద్దపిల్లోల్లు. మా యమ్మే, ఆ నోరు పెద్దదే, అందరికీ రొట్టెలు కొట్టేది. మా అన్న పోయినాంక గుడ ఆయమ్మ ఈ పని నిలపలేదు.

పోయింది గుడ సుగ్గికాలంలోనే. జాండీసు. ఆదోని పెద్దాసుపత్రిలో ఇంగ లాబం లేదని పంపిచ్చేసినారు. నేను గుంటూర్లో ఉంటి, ఇదంతా మా యమ్మ సెప్పిందే. టెన్తు పరీచ్చలు జరుగుతాండాయి అప్పుడు, మన పిల్లోల్లు పొద్దున్నే బస్సెక్కి కౌతాళం పోయి రాసొస్తాండారు. ముందునాడు వదిన మా యమ్మ సెయ్యి పట్టుకోని "అత్తా, నాకేమన్నా అయితే పిల్లోల్లు రాసొచ్చేదంక సెప్పాకండి" అనిందంట. తెల్లార్తానే ప్రానం పాయె. మా యమ్మ తలుపు దగ్గరికేసింది. ఊర్లో ఉండేదే ముసిలోల్లు, వాల్లు వస్తే ఒగరొగర్ని లోపలికి తీసుకోని, నోటికి కొంగు అడ్డం పెట్టిచ్చి కూసోబెట్టింది. ఏడుపు లేని సావిల్లు యాడన్నా సూసినావామ్మా? రొంతసేపటికి పిల్లోల్లు వచ్చినారు. దినామూ వాకిట్లో నిలబడి సెప్పిపోతారు గదా. "టీచరమ్మా, పోయొస్తాం!" అని అరిసినారంట అందరూ. లోపల ఆయమ్మ పండుకోనుండాది, పక్కన మా యమ్మ. "అవ్వా, టీచరమ్మ ఇంగా లేయలేదా?" అని అడిగినారంట. అంత నోరున్న మా యమ్మ, గొంతు సరిసేసుకోని, "నిద్రపోతాంది నాయనా, లేపాకండి. మిమ్మల్ని బాగా రాయమని సెప్పింది. పోయి రాండి" అనిందంట. బస్సు సప్పుడు ఊరు దాటేదంక ఒగరు గుడ ఊపిరి తీయలేదంట.

పిల్లోల్లు మద్దేనానికి దిగినారు. అప్పుడు తలుపు తీసింది. అప్పుడు ఏడ్సింది మా యమ్మ. మొయ్యను ఊర్లో మొగోల్లు యాడుండారు, అందరం గుంటూర్లోనే గదా. ఆ పిల్లోల్లే మోసినారు, బడిగుడ్డల మీదనే. మగపిల్లోల్లు సాలకపోతే ఆడపిల్లోల్లు బుజమిచ్చినారంట. ముసిలోల్లు ఒగరు గుడ వద్దనలేదంట...

...ఏమ్మా, ఎనుముకు నీళ్ళు పెట్టినారా లేదా ఈ పొద్దు?