చంద్రవ్వ మూల అర్ర ఖాళీ జేసిన ముచ్చట

ఏందే బిడ్డా, గా అటుక దిక్కు సూసుకుంట నెత్తికి చేతులు వెట్టుకున్నవ్? ఏది ఉంచాల్నో ఏది పారెయ్యాల్నో సమజైతలేదా? దా, ఇట్ల కూసో జరసేపు. అది యాడికి పోదు. ఇల్లు సదురుడంటే మా ఏరాలు చంద్రవ్వనే సదురాలె. నువ్వు ఆమెను సూడలే, నువ్వు గీ ఇంట్ల కాలు వెట్టకముందే పోయింది. మీ తాతకు అన్న ఉండె సూడు, హనుమండ్లు, గాయన పెండ్లాం. ఇంటికి పెద్ద కోడలు, నాకు అక్క లెక్క. బక్క పాణం. గాలి దుమారమస్తె కొట్టుకపోతదేమో అన్నట్టుండేది. మాట సుత పెద్దగ రాకపోయేది నోట్లెకెల్లి. గని ఒక్కపారి మనసుల అనుకున్నదంటే, రెండెడ్లను గట్టి గుంజినా జరగకపోయేది. అందరు నన్ను గయ్యాళి, ఆమెను సాదు అనేటోళ్ళు. నేనెప్పుడు నవ్వుకునేదాన్ని, వీళ్ళకేమెర్క అని.

అప్పుడు మనం చెన్నూరు దగ్గర పల్లెల ఉంటిమి. ఇల్లు పెద్దదే. నాలుగు అర్రలు, ముంగట సాయబాను, ఎనుక కొట్టం. అయితేంది, మనిషి నిలవడెతందుకు జాగ లేకపోయేది. మా అత్త బుచ్చవ్వ ఉండె గదా, ఆమె ఏది పారెయ్యనియ్యకపోయేది. ఇరిగిన నాగలి, బొక్కవడ్డ జల్లెడ, అడుగు వోయిన బొక్కెన, ఒంటి కాలు మంచం, సచ్చిన ఎద్దు మెడల గంట, గ్యాసునూనె డబ్బాలు, గోనె సంచులు, పాత బొంతలు. దొడ్డిల యాడ తాడు ముక్క దొరికినా కొంగున ముడేసుకునేది. ఎవలన్న అడిగితే ఒకటే మాట, "పనికస్తది. ఉండనియ్." నేను కొత్తగ కాపురానికచ్చినప్పుడు మా అవ్వ సూడనచ్చి, "ఏందే గిది, ఇల్లా, కమ్మరి కొట్టమా?" అన్నది. మెల్లగనే అన్నది గని అత్త ఇన్నది. ఆరు నెలలు మా అవ్వతోని మాట్లాడలే.

అయితే అత్తను సుత ఏమనెటట్టు లేదు బిడ్డా. ఆమె కత ఆమెది. రజాకార్ల గడ్‌బడప్పుడు ఊర్లె సగం మంది పిల్లజెల్లను పట్టుకోని ప్రాణహిత దాటి సిరొంచ దిక్కు పోయిండ్రు. అత్త సుత కట్టుబట్టలతోని పోయింది. పోలీసు యాక్షన్ అయినంక తిరిగచ్చి సూస్తె ఇంట్ల గోడలే ఉన్నయట. తలుపులు సుత పీకి పొయ్యిల వెట్టుకున్నరు ఎవలో. బియ్యం ఉడకవెట్టెతందుకు గంజు లేదు. ఎదురింటామెను అడిగి తెచ్చుకున్నది. నాలుగు దినాలు గాలే, గామె వాకిట్ల నిలవడి పదిమంది ఇనేటట్టు, "బుచ్చవ్వా, నా గంజు ఇంకెన్నొద్దులు ఉంచుకుంటవే? మేమొండుకోని తినద్దా?" అన్నదట. గా మాట అత్తకు ఎడ్లను పొడిసే ములికోల లెక్క దిగింది. ఇగ జన్మల ఒకలింటికి పోయి చాట సుత అడగ అని ఒట్టేసుకున్నది. గందుకే జమజేసుడు. ఇంట్ల సామాను ఉంటే ఆమెకు నిద్రవట్టేది. మాకేమొ పండుకునే జాగ దొరకకపోయేది.

ఇగ చంద్రవ్వ ముచ్చట. ఆమెకు తొల్సూరు ఆడివిల్ల. రాజవ్వ అని పేరు వెట్టిండ్రు. తెల్లగ, బుగ్గలేసుకోని, ఎవలెత్తుకున్నా పోయేది. అప్పుడప్పుడే అంబాడుడు నేర్సింది. ఒకనాడు చంద్రవ్వ ఎనుక కొట్టంల ఒడ్లు దంచుతున్నది. పొల్ల అంబాడుకుంట అంబాడుకుంట మూల అర్రలకు వోయింది. గా అర్రల గోనె సంచులు నడుమెత్తున పేర్సి ఉండె. ఒక్కపారి కీక ఇనవడ్డది. ఉరికి సూస్తె, ఎర్ర తేలు. చేతి మీద కొట్టింది. మంత్రమేసెటాయన అచ్చేసరికే పొల్ల నోట్లె నురుగులు. చంద్రవ్వ ఒడిలనే పాణం వోయింది. "దేవుడు రాసిన రాత బిడ్డా, మన చేతులేమున్నది" అన్నది అత్త. చంద్రవ్వ ఒక్క మాట తిరిగి అనలే. గా దినం నుంచి గా అర్ర దిక్కు పోవుడు బందువెట్టింది. నీళ్ళు తెచ్చుడు, వండుడు, చెలుకకు పోవుడు, అన్నీ జేసేది. రాత్రి మాత్రం పండుకోకపోయేది. నాకు మెలకువచ్చినప్పుడల్లా గోడకొరిగి కూసోనే ఉండేది. "పండుకో అక్కా" అంటె, "నువ్వు పండుకో" అనేది. గట్ల ఏడాది ఎల్లిపోయింది.

గప్పుడు మా ఆడిబిడ్డ రామవ్వ, అత్త బిడ్డ, కబురంపింది. బెల్లంపల్లిల ఉండేది, పెనిమిటి బొగ్గుబాయిల పని. తొల్సూరు కానుపు, నీళ్ళాడెతందుకు తల్లిగారింటికి అస్తున్న, మిరుగం కార్తె ముంగటనే అస్త అని. అత్తకు బగ్గ సంబురమైంది. గని యాడ పండవెట్టాలె? సోంచాయించి సోంచాయించి, "మూల అర్రల నాలుగు సంచులు అటు జరిపితె మంచం పడ్తది. ఎట్లనో అట్ల ఎల్లదీద్దాం" అన్నది. చంద్రవ్వ పొయ్యి ముంగట కూసోని రొట్టె జేస్తున్నది. చెయ్యి ఆగింది. తల లేపి, "గా అర్ర గట్ల ఉండంగ అండ్ల పసిగుడ్డును పండవెట్టనియ్య అత్తా" అన్నది. అంతనే. లొల్లి లేదు, ఏడుపు లేదు. మల్ల రొట్టె కాల్సింది. 

మాపటికి హనుమండ్లు బావకు ఎర్కైంది. మంచోడే పాపం, గని అవ్వంటె బయం. "అవ్వ పాణం గా సామాన్ల మీదనే ఉన్నదే. ఊకె కష్టపెట్టకు" అన్నడు. "మరి నా పాణం యాడున్నదో నీకెర్కేనా?" అని అడిగింది చంద్రవ్వ.  బావ రుమాలు బుజం మీదేసుకోని బైటికి వోయిండు. తెల్లారి పొద్దుగాలనే ఎడ్లను కొట్టుకోని చెలుకకు పోయిండు. పోయేముంగట మాత్రం పలుగు, పార తెచ్చి మూల అర్ర గడప కాడ వెట్టిపోయిండు. గది ఆయన జవాబు.

చంద్రవ్వ కొంగు నడుముకు చెక్కింది. గడప కాడికి వోయింది. కాలు లోపల వెట్టెతందుకు ఆమెకెంత కష్టమైందో నేను ఎనుక నుంచి సూసిన. దర్వాజ పట్టుకోని నిలవడ్డది, లోపలికి వోయింది. ఇగ ఒక్కొక్కటి తెచ్చి వాకిట్ల ఎండల వెట్టుడు షురూ జేసింది. నేను సుత జతగలిసిన. పగటీలి వరకు వాకిలి నిండింది. నీళ్ళకు పోదాం పా అని ఇద్దరం బిందెలు పట్టుకోని బాయికి వోయి తిరిగచ్చేసరికి, అబ్బ, ఏం జెప్పాలె బిడ్డా! అత్త ఒక్కతే సగం సామాను మల్ల లోపలికి మోసింది. ఆయాసంతోని ఎగవోసుకుంట నాగలి కర్ర గుంజుతున్నది. నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. చంద్రవ్వ బిందె దించింది, అత్త చేతుల్నుంచి నాగలందుకోని, "నడుము పట్టుకుంటది అత్తా, నాకియ్యి" అని లోపల తనే వెట్టింది. తెల్లారి మల్ల మొదటికెల్లి బైటికి తీసింది.

ఊర్లె అందరికి తమాషా ఐంది. లచ్చయ్య కాక దొవ్వెంబడి పోవుకుంట, "ఏందే చంద్రవ్వా, అంగడి పెట్టినవా?" అన్నడు. "అవ్ కాకా. నీకు ఇరిగిన నాగలి గావాల్నా, ఒంటి కాలు మంచం గావాల్నా?" అన్నది. మాట్లాడనామె గట్లనేసరికి కాక జల్ది జల్ది దొవ్వ వట్టిండు.

గా దినం అత్త లొల్లి జేసింది. గడప మీద అడ్డం కూసున్నది. "నన్ను సుత గుంజుకపోయి పెంట మీద ఎయ్యిండ్రే! నేను సుత పాత సామానే గదా! ఒకనాడు అన్నం వండుకునెతందుకు గంజు లేక ఏడ్సినప్పుడు మీరెవలచ్చిండ్రు?" అని మొత్తుకున్నది. ఇంకో కోడలైతే దాటుకపోతుండె, లేకుంటె కొట్లాడుతుండె. చంద్రవ్వ పోయి ఆమె ముంగట నేల మీద కూసున్నది. "అత్తా, నువ్వు చెప్పకుంట ఒక్క గడ్డిపోస గడప దాటది. ప్రతిది నీ చేతికే ఇస్త. నువ్వే చెప్పు. నేను ఒక్కటే అడుగుత, దీన్ని ఎవలు వాడుతరు?" అన్నది. అని బొక్కవడ్డ జల్లెడ ఆమె చేతుల వెట్టింది.

"పనికస్తది" అన్నది అత్త.

"ఎవలకు అత్తా?"

"ఎవలకో ఒకలకు!"

"గా ఎవలకో ఒకలకు పేరుందా?"

అత్త జల్లెడను తిప్పి తిప్పి సూసింది. బొక్కల నుంచి ఎండ మొకం మీద వడ్డది. "దీన్నెవలు వాడుతరే" అని ఇసిరికొట్టింది. ఇగ అట్ల మొదలైంది. గమ్మతేందంటె, పేర్లు అడుగుతుంటె అత్తకు ఊరందరు యాదికచ్చిండ్రు. పెద్ద కాగు చేతికిస్తె, "మంత్రసాని పోశవ్వ ఇంట్ల కాగు పగిలి ఎన్నొద్దులాయె, దానికియ్యిండ్రి" అన్నది. గంట చేతికిస్తె, "రాయమల్లు కొత్త కోడె తెచ్చిండు గదా" అన్నది. పేరున్నది ఆళ్ళింటికి, పేరు లేనిది పొయ్యిలకు, దేనికీ రానిది పెంటకు. చంద్రవ్వ ఒక్కటి సుత దొంగతనంగ పారెయ్యలే. ఒక ఇత్తడి గంజు మాత్రం ఇద్దామంటె అత్త గుండెకు ఒత్తుకున్నది. సిరొంచ నుంచి తిరిగచ్చినంక మొదాలు కొన్నదట అది. చంద్రవ్వ ఎవలు వాడుతరని అడగలే. తీస్కపోయి చింతపండు, బూడిదె వెట్టి తోమి, తళతళ మెరిసేటట్టు జేసి, పొయ్యి పక్కన గూట్లె వెట్టింది.

ఆఖరికి గోనె సంచులు మిగిలినయ్. అత్తకు మల్ల మొండి లేసింది. "గివ్వి మాత్రం ఇయ్య. ఒడ్లస్తె దేంట్లె పోస్తరు?" అని తనే లేసి పోయి సంచి మీద సంచి గుంజింది. అడుగు సంచి లేపంగనే, ఇంతంత ఎర్ర తేలు, ఈపు మీద పిల్లలేసుకోని, సరసర బైటికచ్చింది. అత్త చెయ్యి దాని ముంగటనే ఉన్నది. చంద్రవ్వ ఉరికి ఆమె చెయ్యి అవతలికి గుంజి, రోకలందుకోని ఒక్కటే ఏటు ఏసింది. అది సచ్చినా ఇడువలే. ఇంకో రెండేట్లు ఏసింది.   అత్త గా నేల దిక్కు సూసుకుంట, "రాజవ్వ" అన్నది. పొల్ల పోయినంక గా పేరు గా ఇంట్ల ఎవలు తియ్యలే బిడ్డా. నేను సుత తియ్యలే. అత్త మెల్లగ తల లేపి కోడలు మొకం సూసింది. "ఆనాడు గీ సంచులల్లకెల్లే అచ్చిందానే?" అని అడిగింది.

"అవ్ అత్తా" అన్నది చంద్రవ్వ.

ఇంకో మాట అనచ్చు ఆమె. ఏడాది నుంచి లోపల దాసుకున్నది అంత అక్కడ కక్కచ్చు. అనలే. అత్త సుత ఏడ్వలే. ఆడనే నిలవడి కొంగు నడుముకు చెక్కింది. "జరుగుండ్రే" అని మమ్ముల పక్కకు జరిపి, మిగిలిన సంచులన్ని తనే ఈడ్సుకపోయి, పెంట మీద ఏసి, అగ్గివెట్టి, కాలి బూడిదయ్యేదాంక అక్కడ్నే నిలవడ్డది.

తెల్లారి నుంచి అత్తనే మా అందరికంటె ముంగట. బావ, మీ తాత కలిసి అర్ర నేలంత తవ్వి మొరం పోసి దిమ్మిస కొట్టిండ్రు. గోడల సందులన్ని మట్టితోని పూసినం. సున్నమేసి, అలికి, ఎర్ర జాజు వెట్టి, యాపాకు పొగ ఏసినం. కిటికికి అడ్డమున్న అటుక కర్రలు తీసేసరికి, గా అర్రకు కిటికి ఉన్నదని నాకు అప్పుడే ఎర్కైంది! రామవ్వ బండి దిగే దినం మిరుగం ముంగటి మబ్బులు కమ్ముకున్నయ్. అర్రలకచ్చి, "అవ్వా, గిది మనిల్లేనా?" అన్నది. "మీ వదినె ఇల్లు" అన్నది అత్త. పోశవ్వ అచ్చి కానుపు జేసింది, మనమిచ్చిన కాగులనే నీళ్ళు కాగవెట్టిండ్రు. మొగపిల్లగాడు. తల్లి మంచిగున్నది, పిల్లగాడు మంచిగున్నడు.

తొట్టెలేసే దినం ఊరంత అచ్చింది. పిల్లగాన్ని తొట్టెల ఎవలు పండవెట్టాలంటె రామవ్వ, "మా వదినెనే పండవెట్టాలె" అన్నది. చంద్రవ్వ వద్దన్నది. "నేనద్దు రామవ్వా, నా చెయ్యి మంచిది గాదు" అన్నది. అత్త ఇన్నది గా మాట. లేసచ్చి పిల్లగాన్ని తీసి చంద్రవ్వ చేతులల్ల వెట్టి, "నీ చేతులతోని తయారైన అర్ర ఇది. ఎయ్యి" అన్నది. ఏసింది. ఊపింది. పాటలు, లొల్లి, బువ్వలు, అంత ఐనంక చుట్టాలు వాకిట్ల కూసున్నరు. చంద్రవ్వ ఏదని నేను ఎతుక్కుంట అర్రలకు పోతె, తొట్టెల కింద, ఒట్టి నేల మీద, ఒక చెయ్యి తొట్టెల తాడుకు వెట్టి, గాఢంగ నిద్రవోతున్నది. ఏడాదికెల్లి సూడని నిద్ర. లేపుదామని వంగిన. ఎనుకనుంచి అత్త నా రెట్ట పట్టి బైటికి గుంజింది. తనే దర్వాజ కాడ కూసున్నది. ఎవలచ్చినా నోటి మీద ఏలు వెట్టుకోని, "సప్పుడు జెయ్యకుండ్రి, నా బిడ్డ పండుకున్నది" అన్నది. పొద్దుమూకింది, చుట్టాలు పోయిండ్రు, దీపాలు వెట్టినం, మేం బువ్వ తిన్నం. అత్త మాత్రం గడప మీద నుంచి లేవలే.

...ఏందే, అట్ల సూస్తున్నవ్? పొద్దెక్కింది, నాకాకలైతుంది. కూరేం వండినవ్ ఇయ్యాల?