రూలు మింగిన ముప్పై ఏడు ఉత్తరాలు

వాన అప్పుడే వెలిసింది. కంటాసుపత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టు చూరు నుంచి చినుకులు ఇంకా తీరుబడిగా జారుతున్నాయి. బల్ల మధ్యలో కూర్చున్నాడు బాబాయ్. ఆసుపత్రిలో ఉత్తరాలు పంపే గుమాస్తా, ఊరందరికీ బాబాయే. ఒక పక్క మెకానిక్, గిన్నె దగ్గర కొట్టు అక్క. బల్ల చివర దర్జీ పెద్దమ్మ చొక్కాకి గుండీలు కుట్టుకుంటోంది.

"కంప్యూటర్ చేసిన తప్పు పట్టుకోవడం పెద్ద పనేం కాదనుకో" అన్నాడు బాబాయ్. "ఏదో, నాకు చేతనైంది. రెండేళ్ల కిందట శుక్లాల ఆపరేషన్లకి పెద్ద డాక్టరు గారు వచ్చారే, అప్పటి మాట. మూడంటే మూడు రోజులుంటారు, మళ్లీ ఏడాది దాకా రారు. జాబితాలో నాలుగు వందల పన్నెండు మంది. ఆపరేషన్‌కి రమ్మనే ఉత్తరం ఒక్కటే రాసి, పేరుండాల్సిన చోట ఖాళీ వదిలి జాబితా చూపిస్తే, కంప్యూటరే ఒక్కో పేరూ పెట్టుకుంటూ అచ్చేస్తుంది. మెయిల్ మెర్జ్ అంటారు దాన్ని."

"తెలుసులే బాబాయ్, మా చెల్లి పెళ్లి కవర్లు అలాగే వేయించాం" అన్నాడు మెకానిక్.

"విను మరి. ప్రింటర్ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నా. నిద్ర కాదురోయ్, వింటున్నా. సర్రు సర్రుమంటూ కాగితాలొచ్చి ఆగిపోయాయి. మూడు వందల డెబ్బై అయిదు, అన్నా. లెక్కపెట్టి చూస్తే సరిగ్గా అంతే!"

"కళ్లు మూసుకునే?" అంది అక్క.

"చెవులు తెరుచుకున్నానుగా! మిగతా ముప్పై ఏడూ ఏవి? తెర మీద తిప్పి చూస్తే అందరి ఉత్తరాలూ ఉన్నాయి, అచ్చుకొచ్చేసరికి మాయం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ జాబితా వంక చూస్తూ అలా ఉండిపోయా. చూడగా చూడగా గళ్ల గీతలు గోడలయ్యాయి, వరసలు వీధులయ్యాయి, గోడల మీద సన్నగా ఎండ కూడా పడింది. చెప్పులు విప్పి కాలు పెట్టా."

"ఎక్కడ?"

"జాబితాలో! చప్పుడు లేని ఊరు. ఇంటికొక పేరు. ముప్పై ఏడు గుమ్మాల్లో ముప్పై ఏడుగురు, ఒక కన్ను తెరుచుకుని ఒక కన్ను మసకబారి, నా అడుగుల చప్పుడు వింటున్నారు. వీధి మొదట్లో, ఎవరికి అచ్చెయ్యకూడదో కంప్యూటర్‌కి చెప్పే రూలు నిలబడి ఉంది, తాటిచెట్టంత పొడుగు. 'ఆపరేషన్ అనే గడిలో అయింది అని ఉంటే ఆ పేరు వదిలేయ్' అని దానికొక్కటే మాట వచ్చు."

"ఆ మాట దానికెవరు నేర్పారు బాబాయ్?"

బాబాయ్ దగ్గాడు. "నేనే అనుకో. అది వేరే సంగతి. అయింది ఒక కంటికేరా! రెండో కన్ను మిగిలే ఉందిగా! 'దారి వదులు' అన్నా. వదల్లేదు. మూడు పగళ్లు వాదించా. చివరికి దానికే కళ్లలో నీళ్లు తిరిగి, మంచులా కరిగిపోయింది. ముప్పై ఏడు ఉత్తరాలూ ప్రింటర్లోంచి లేచి, కవర్లు లేకుండా, స్టాంపుల్లేకుండా కిటికీలోంచి కొంగల్లా ఎగిరి మబ్బుల్లోంచి ఎవరింటికి వాళ్ల ఇంటికే వెళ్లి, చదవలేనివాళ్లకి వాటంతట అవే చదివి వినిపించి..."

"ఆ ముప్పై ఏడుగురిలో నేనొకదాన్ని నాయనా" అంది దర్జీ పెద్దమ్మ, గుండీ మీంచి తల ఎత్తకుండానే.

అందరూ అటు తిరిగారు.

"ఏదీ ఎగిరి రాలేదు. ఆ సాయంత్రం నువ్వే తడిసి ముద్దయి సైకిల్ మీద మా గుమ్మంలోకి వచ్చావు. రూలు ఎక్కడుందో వెతికి వెతికి దొరక్క, అన్నీ చేత్తోనే రాశానన్నావు. వేళ్లు వంగడం లేదన్నావు. ముప్పై ఆరు రాసేసరికి కలంలో సిరా అయిపోయిందట, నాది నోటితో చెప్పావు. 'రేపు ఎనిమిదింటికి రా పెద్దమ్మా, ఉత్తరమేదని అడిగితే నా పేరు చెప్పు' అన్నావు."

"మరి రూలు ఎవరు తీశారు?" అన్నాడు మెకానిక్, నవ్వు ఆపుకోలేక.

"మర్నాడు నర్సమ్మ తీసేసింది. నేను ఎదురుగానే కూర్చున్నా. రెండు నిమిషాలు పట్టలేదు."

అక్క గరిటె పక్కన పెట్టేసి నవ్వింది. బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"లోపలికి పంపారా మరి?" అన్నాడు గ్లాసులోకి చూస్తూ, చాలా చిన్న గొంతుతో.

"నీ పేరు చెప్పగానే పంపారు. రెండో కన్నూ బాగైంది." పెద్దమ్మ దారం కొరికి తెంపింది.

"రెండేళ్లయింది, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం పెద్దమ్మా?" అన్నాడు బాబాయ్.

"నువ్వు ఎవరినైనా మాట్లాడనిస్తేగా నాయనా!"