సుగుణ సూర్యారావు పేరు చెప్పిన రోజు

"అమ్మమ్మా, 'ఐ వాంట్ హిమ్ టు కమ్' అని ఉంది. మధ్యలో ఆ 'హిమ్' ఎందుకు?"

ఓసోస్, భలే అడిగావే తల్లీ! ఇలా వచ్చి కూర్చో. రావాలని కోరేది ఒకరు, వచ్చేది ఇంకొకరు, అంతేగా? ఆ వచ్చేవాళ్ళని మధ్యలో కూర్చోబెట్టాలి. లేదనుకో, 'ఐ వాంట్ టు కమ్' అంటే నేనే వస్తానని అయిపోతుంది. ఇది నేను సుగుణకి ఎలా నేర్పించానో తెలుసా? మన ఉంగుటూరులోనే, నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో, మా పక్కింటి కోడలు.

వాళ్ళాయన సూర్యారావు కువైట్‌లో డ్రైవరు. అప్పుడు రెండువేల మూడో, కాదు కాదు, నాలుగో... ఇంటింటికీ సెల్లులెక్కడివి, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతే దిక్కు. సుగుణ అత్తగారికి ఏలూరులో గుండె ఆపరేషను చెయ్యాలన్నారు. ఆలస్యమైతే మనిషి దక్కదన్నారు డాక్టరుగారు. ఆవిడేమో, నా కొడుకు మొహం చూస్తేగానీ ఆసుపత్రికి రానని భీష్మించుకు కూర్చుంది. అక్కడ యజమాని సెలవివ్వడు. నేను ఫోన్ చేస్తే, నువ్వెవరు, భార్యనే మాట్లాడమను అని పెట్టేశాడు. ఆ యజమానికి తెలుగు ముక్క రాదు, సుగుణకేమో ఇంగ్లీషు రాదు మరి!

ఇక చూడు పాఠాలు! కాలవగట్టున బట్టలుతుకుతూ కూడా చెప్పించాను. "ఐ వాంట్ టు కమ్ హోమ్" అనేది. "ఒసే పిచ్చిదానా, ఎవరు రావాలే?" అంటే, "ఆయనేనండి" అని సిగ్గుపడేది. "అయితే ఆయన్ని మధ్యలో పెట్టు!" వారం తిరక్కుండా పట్టేసిందమ్మా.

కానీ వాళ్ళిళ్ళల్లో మొగుడి పేరు పలకరు కదా, పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని. రేషన్ డీలరు అడిగినా, "పొద్దున్నే తూర్పున వస్తారు చూడండి, ఆ పేరేనండి" అనేది. నేనా? మీ తాతయ్యని పేరు పెట్టే పిలిచేదాన్ని... సరే, అది వేరే కథ.

బూతులోకెళ్ళాం. "ఐ వాంట్ హిమ్ టు కమ్ హోమ్!" అని గడగడా చెప్పేసింది. ఎవరు, ఇక్కడ బోలెడుమంది ఉన్నారు, పేరు చెప్పమన్నాడు ఆ యజమాని. మొగుడి పేరు ఎలా పలుకుతుంది పిల్ల! ఏం చేసిందనుకున్నావ్? బూతు అద్దంలోంచి నాకు సూర్యుణ్ణి చూపిస్తోంది, వేలెత్తి! కువైట్లో ఉన్నాయనకి అదేం కనపడుతుందే! మీటరు మీద ఎర్రంకెలు గిర్రున తిరిగిపోతున్నాయి. నేను రిసీవరు లాక్కుందామని చెయ్యి చాపేలోగా, కళ్ళు గట్టిగా మూసుకుని అరిచేసింది.

"ఐ వాంట్ సూర్యారావు టు కమ్ హోమ్!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. నాకైతే ఏడుపూ నవ్వూ కలిసొచ్చేశాయి తల్లీ!

పంపించాడు! సూర్యారావు వచ్చాడు. కానీ సుగుణకి ఒకటే భయం, పేరు పలికాను, ఆయనకేమవుతుందోనని. ఆపరేషను రోజున అత్తగారి దగ్గర భోరుమంది. ఆవిడ నవ్వి, "ఇంగ్లీషులో అన్నదానికి దోషం లేదులేవే" అంది. లోపలికి తీసుకెళ్ళబోతుంటే కోడలి చెయ్యి పట్టుకుని, "ఏదీ, ఆ ముక్క నాకోసారి వినిపించు, విని వెళ్తాను" అంది. చెప్పింది, మొగుడి ఎదుటే! ఆవిడ ఆ తర్వాత చాన్నాళ్ళు బతికిందిలే.

నీకూ, ఎవరు రావాలో పేరు పెట్టి పిలిచే నోరుండాలమ్మా, పిలవగానే వచ్చే మనుషులుండాలి. చల్లగా ఉండు. ఊఁ, ఇప్పుడు నువ్వు చెప్పు, ఎవరు రావాలి నీకు?