ఎనిమిదో సామాను

‘పొండి సార్’ ఏంది, గనీ? చూడకుండనే పొండి అంటవా? తొమ్మిదేండ్లు ఈ గేటు కాడ నా పక్కన నిలబడి నేర్చుకున్నది గిదేనా?

రిటైర్మెంటు శాలువ కప్పుకున్నోన్ని తనిఖీ చెయ్యొద్దని ఏ రూల్ల రాసున్నది? సైరన్ మోగిందాక నేను హెడ్ గార్డుని. మోగింది. ఇప్పుడు ఫ్యాక్టరీల నుంచి బయటికి పోయే మనిషిని. గంతే. అట్టపెట్టె బల్ల మీద పెట్టిన. విప్పు.

బస్సు డ్రైవర్ వీర్రాజు హారన్ కొట్టుకోనీ. ఇరవై ఆరేండ్లు ఆ బస్సుల ఉన్నోళ్ల సంచులన్నీ నేను విప్పిచ్చిన. ఇయ్యాల నా సంచి కోసం అయిదు నిమిషాలు ఆగితే బొల్లారం ఏడికీ పోదు.

ఇగో గేట్ పాస్. లోపలికొచ్చిన సామాన్ల రిజిస్టర్ తియ్యి. ‘దావీదు, సొంత సామాను’ అని ఏడు చోట్ల ఉంటది, నా చేతిరాతే. ఏడు నెలలు, నెలకొక కంప్యూటర్ పార్టు. కిస్తీల మీద తీసుకోలే. జీతం పడ్డాక ఒకటి కొనుడు, లోపలికి తెచ్చి రాసుడు, మన గేటు గదిల బీరువల పెట్టి తాళం వేసుడు. ఇంట్ల ఎందుకు పెట్టలేదంటే, కాజీపల్లిల మాదొక్కటే అర్ర. మా ఇంటామె సాయమ్మ, నేను, ఎలుకలు.

కంప్యూటర్ నాకెందుకంటవా? మా సంఘంల బాప్తిస్మాల పుస్తకానికి చెద పట్టింది. ఎవరు ఎప్పుడు పుట్టిండ్రు, ఎవరి పెండ్లి ఎప్పుడైంది, ఎవరు పోయిండ్రు, అరవై ఏండ్ల పేర్లు. పాస్టర్ అయ్యగారు ఫొటోలు దించి పెడదామన్నడు. ఫొటోల పేరు వెతికితే దొరుకుతదా? టైపు చేస్త అన్న. రిజిస్టర్ రాసుడే గదా నాకొచ్చిన పని. సంఘం పైసలు వద్దన్న, ముప్పై వేలు నావే పెడ్త, దాని మీద ఒక్క రూపాయి పెట్టనని ప్రార్థనల నిలబడి చెప్పిన. ఆశకు హద్దు ఉండాలె. తెర సంఘంల పాతదుంది. మిగిలింది నేను చూసుకోవాలె.

ఆ చిన్న డబ్బ ప్రాసెసర్. తెరిచినంక పిన్నులు ముట్టకు. పటాన్‌చెరుల తారిఖ్ దుకాణం తెలుసు గదా? ‘చాచా, దీనికి గ్రాఫిక్స్ కార్డు వెయ్యకుంటే గేములు ఆడలేరు’ అన్నడు. ‘సచ్చిపోయినోళ్ల పేర్లు టైపు చేస్తందుకు గేములెందుకు బాబూ’ అన్న. ఆయన దుకాణంల ఉన్న నలుగురూ నా దిక్కే చూసిండ్రు. బొమ్మ చూపించే పని గూడ చేసే ప్రాసెసర్ ఇదే అని చివరికి తీసిచ్చిండు. ముందుగాలే ఇయ్యొచ్చు గదా?

ర్యాము కాడ పరేషాన్ అయిన. పదహారు జీబీ తీసుకుందామనుకున్న. పోయిన నెల చెప్పిన ధర ఈ నెల లేదు. ఎనిమిదితోని సరిపెట్టుకున్న. పేర్లకు ఎనిమిది చాలు.

ఇవన్నీ బిగించే డబ్బ మాత్రం నా ఇష్టం. తారిఖ్ అద్దం తలుపుది చూపించిండు, లోపల ఎర్రవి, పచ్చవి లైట్లు, పెండ్లి మండపం లెక్క. లోపలేమున్నదో అందరికీ చూపించేది నాకెందుకు? రేకుది తీసుకున్న. ఎస్సెంపీఎస్ కాడ మాత్రం కక్కుర్తి పడలే. కరెంటు ఇచ్చేదే అది. చవకది తీసుకుంటే పోయేటప్పుడు అన్నిటినీ తీస్కపోతది. ఆ ఒక్కదానికి రెండింతలు పెట్టిన.

ఎస్సెస్డీ, మదర్‌బోర్డు, కీబోర్డు. చూసినవా? బిల్లులు ఏడు. లెక్క చూసుకో, ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందల నలభై. ముప్పై దాటలే.

ఇగ సంతకం పెడ్తున్నవా? ఆగు.

టిఫిన్ సంచి చూడలే నువ్వు.

మొకం గట్ల పెట్టకు. టిఫిన్ సంచి చూడమని నీకెన్ని సార్లు చెప్పిన? మనుషులు పెట్టెల దాచిపెట్టరు, అన్నం పక్కన దాచిపెడ్తరు.

తియ్యి. గిన్నె కింద, తువ్వాలల చుట్టి ఉన్నది.

ఫ్యాను. అరచెయ్యంత ఉంటది, పాత కరెంటు ప్యానెల్ బోర్డుది. తుక్కు యార్డుల నుంచి నేనే విప్పిన, మంగళవారం, టీ టైముల. దానికి బిల్లు లేదు, పాస్ లేదు, నీ రిజిస్టర్ల పేరు లేదు.

ఏం చెయ్యాలె మరి? రేకు డబ్బకు వెనుక ఒక్కటే ఫ్యాను వచ్చింది. ‘ముందల గూడ ఒకటి పెట్టు చాచా, మన దిక్కు ఎండలకు ఉడికిపోతది’ అన్నడు తారిఖ్. నాలుగు వందల యాభై. నా కాడ అరవై రూపాయలు మిగిలినయి. ముప్పై వేలు దాటనని దేవుని ముందల మాటిచ్చిన. ఆ మాట తప్పొద్దని దొంగతనం చేసిన.

నవ్వు, పర్వాలేదు. నాకే నవ్వొచ్చింది, కానీ నవ్వలే.

కొమురయ్యను నువ్వు చూడలే, నీకంటె ముందటోడు. ప్యాకింగుల కాంట్రాక్టు మనిషి. గిట్లనే టిఫిన్ సంచిల గిసొంటి ఫ్యానే దొరికింది. ‘సార్, పొయ్యి పొగకు మా ఆమె రాత్రంత దగ్గుతది, గోడకు పెడ్త’ అన్నడు. తుక్కుదే. ఎట్లైనా లారీల పోయేదే. నేను రాసిన. తెల్లారి కాంట్రాక్టర్ పనికి రావద్దన్నడు. మూడు రోజులు గేటు బయట నిలబడ్డడు. మంచినీళ్లిచ్చిన. రూల్ రూలే, నీళ్లు నీళ్లే అనుకున్న.

ఇయ్యాల క్యాంటీన్ల మేనేజర్ సార్ మైకుల ఏమన్నడు? ‘దావీదు ఉన్నన్ని దినాలు ఒక్క మేకు బయటికి పోలే’ అన్నడు. గేటు గదిల నా ఫొటో పెడ్తరట, కొత్తగ వచ్చే గార్డులు చూడాలెనట. అందరూ చప్పట్లు కొడ్తున్నరు, అప్పుడే జేబుల ఫోను మోగింది. తారిఖ్ మెసేజ్. పొద్దుగాల ఫ్యాను ఫొటో పంపిన, సరిపోతదా అని. ‘చాచా, ఇది ఇంటి కరెంటుతోని నడిచే ఫ్యాను. కంప్యూటర్ల తిరగది. ఎవడో మిమ్మల్ని మోసం చేసిండు’ అని రాసిండు.

మళ్ల యార్డుల పారేద్దామంటే తాళంచెవి పొద్దుగాలనే నీకప్పజెప్పిన. ఎందుకు సార్ అని నువ్వడుగుతవు. అడగాలె గూడ.

మళ్ల సంచిల పెట్టకు దాన్ని. నీ దండం పెట్టుడు ఆపు. నేను సార్‌ను కాదు, బయటికి పోయే మనిషిని అని చెప్పిన గదా? పెన్ను తియ్యి. ‘పాత ప్యానెల్ ఫ్యాను ఒకటి, తుక్కు యార్డుది, పాస్ లేదు’. కొమురయ్య పేరు ఎదురుంగ నేను రాసింది గూడ అదే, అక్షరం తేడా లేదు. ఫొటో పెట్టుకుంటరో లేదో వాళ్లిష్టం.

ఇటియ్యి, సంతకం పెడ్త.

వీర్రాజుకు చెప్పు, బస్సు తీస్కపొమ్మను. నేను ఆటోల పోత.

ఇంటి కరెంటు ఫ్యాను, గనీ. నాకు దేనికీ పనికిరాలే. కొమురయ్య ఇంట్లయితే మంచిగ తిరిగేది.