ధవళేశ్వరంలో ఫిన్లాండ్

అలా గుమ్మంలోనే నిలబడిపోయావేంటే? లోపలికి రా ముందు. తలుపు వెయ్యి. నీకు దణ్ణం పెడతాను సత్యవాణీ, ఫణిశ్రీ ఫణిశ్రీ అని అంత గట్టిగా పిలవకు. కింద వాటావాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకి నేను శృతిని. మావయ్యగారి తరఫు చుట్టాలమ్మాయిని. బ్యాంకు పరీక్షలకి చదువుకుంటున్నాను.

కూర్చో. ఆ కుర్చీలో స్వెటర్ తీసి మంచం మీద పడెయ్. అవునే, స్వెటరే! ఏప్రిల్లో! నవ్వొస్తే నవ్వు, నేనేమీ అనుకోను. ఇప్పుడే మా పిన్నితో వీడియో కాల్ అయింది. ఉండు, ఫ్యాన్ వేస్తాను. కాల్ అయ్యేదాకా వెయ్యను, చప్పుడు వినిపిస్తుందని. ఫిన్లాండ్‌లో ఫ్యానేంటి మరి?

నువ్వొచ్చింది జ్వరాల సర్వేకి. నాకు జ్వరం లేదు. అది రాసుకుని వెళ్ళిపోతావా? వెళ్ళవులే. ఇంటర్లో రెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. నర్సువయ్యావు గానీ మొహంలో ఉన్నది దాచుకోవడం ఇప్పటికీ రాలేదు నీకు.

ఎప్పుడొచ్చానా? నవంబర్లో. ఆగస్టులో వెళ్ళాను, నవంబర్లో వచ్చేశాను. ఎవరికీ తెలీదు. అమ్మకీ నాన్నగారికీ, ఇదిగో ఈ ఇంట్లో అత్తయ్యకీ మావయ్యకీ, అంతే. ఇప్పుడు నీకు.

బీటెక్ మూడో ఏడాది అక్కడ చదవడం, నాలుగో ఏడాదికి మళ్ళీ మన యూనివర్సిటీకి వచ్చేయడం. అదీ ఏర్పాటు. మా బ్యాచ్‌లో నాకొక్కదానికే వచ్చింది. నువ్వు కూడా స్టేటస్ పెట్టావు కదా, 'మా ఫ్రెండ్' అని! మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. నా ఫొటో, వెనకాల విమానం, కింద ఊరి పెద్దలందరి పేర్లూ. నాన్నగారు కాలేజీలో ప్రతి సెక్షన్‌కీ వెళ్ళి చెప్పారట. ఇరవై ఏళ్ళుగా ఒకే లెక్కలు చెబుతున్న మనిషి, పాపం, చెప్పుకోవడానికి కొత్త సంగతి దొరికింది.

ఏం జరిగిందని అడక్కు. నువ్వూ అదే అడిగితే ఎలాగే? ఎవడైనా ఏమైనా అన్నాడా, ఎవడితోనైనా ఏమైనా అయిందా అని అత్తయ్య వారం రోజులు వంటింట్లో నిలబెట్టి అడిగింది. ఏమీ జరగలేదు! అందరూ మంచివాళ్ళే. గది బాగుంది. చీకటి వల్ల అంటావేమో, మూడింటికే పొద్దుగూకిపోతుంది కదా అని. కాదే. చీకటి నాకు బాగానే ఉండేది.

ఎలా చెప్పను... మొదట్లో క్లాసులకి వెళ్ళేదాన్ని. ఫొటోలు తీసుకునేదాన్ని. తర్వాత ఒకరోజు వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు. మర్నాడు కూడా వెళ్ళలేదు. ఆకలేసేది కాదు, ఏడుపొచ్చేది కాదు. ఇల్లు గుర్తొచ్చిందా అంటే, అదీ లేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. పన్ను పీకేముందు ఇంజక్షన్ ఇస్తారే, అలాగ.

ఒకరోజు పాల కోసం కొట్టుకెళ్ళాను. గోడ పొడుగునా పాలే. నీలం, ఎరుపు, పచ్చ. ఏది తియ్యాలో తెలీలేదు. నిలబడ్డాను, నిలబడ్డాను, చివరికి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కొట్టులో ఒకావిడ వచ్చి మంచినీళ్ళిచ్చింది. ఏదో అడుగుతోంది, నా ఐడీ కార్డు తీసి చేతిలో పెట్టాను. ఆవిడే మా యూనివర్సిటీకి ఫోన్ చేసింది. వాళ్ళు నాన్నగారికి చేశారు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకి నాన్నగారు ఒక్కరే వచ్చారు. తిట్టలేదే. నెత్తి మీద చెయ్యి వేశారు, బ్యాగు అందుకున్నారు. విజయవాడ దాటాక ఒక హోటల్ దగ్గర కారాపించి ఇడ్లీ పెట్టించారు. నేను తింటుంటే అప్పుడు అన్నారు.

"మీ మామ్మకి తెలిస్తే తట్టుకోలేదు తల్లీ. గుండె అంతంత మాత్రం. నిన్ను చూసుకుని మురిసిపోతోంది. ఎంత, మే నెల దాకానేగా. అత్తయ్య దగ్గరుండు. తర్వాత చదువైపోయి వచ్చినట్టే వద్దువుగాని."

నేను సరేనన్నాను. అసలు అప్పుడు ఎవరేమన్నా సరేననేదాన్ని.

డాక్టరా? భలేదానివే. చూపిస్తే పేరు బయటపడదూ?

మామ్మతో రోజూ మాట్లాడేదాన్ని. అక్కడి టైము లెక్క కట్టుకుని, కిటికీకి దుప్పటి కట్టి, స్వెటర్ వేసుకుని. ఓసారి మధ్యలో కోయిల కూసింది. "ఏమే, అక్కడ కూడా కోయిలలుంటాయా?" అంది మామ్మ. కంప్యూటర్లో పెట్టుకున్నానన్నాను. "ఇల్లు మర్చిపోలేకపోతున్నావే నా తల్లీ" అని కళ్ళొత్తుకుంది. వెనకాల అమ్మ నిలబడి ఉంది.

ఆవిడ పోయింది సత్యా. మార్చిలో. నీకు తెలీదా? మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మరి లేవలేదు.

ఇక్కడ అత్తయ్య గోడకి తల కొట్టుకుని ఏడ్చింది. తన తల్లి కదా. అరగంటలో మావయ్య కారు మాట్లాడాడు. నేను కూడా చెప్పులేసుకుని వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. బుద్ధిపూర్వకంగా ఏమీ కాదు, ఇంట్లో మనిషి పోతే వెళతాం కదా! మావయ్య తలుపు తీసి పట్టుకుని, "దిగమ్మా" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. "నువ్వు అక్కడున్నావు కదా. ఇంత తొందరగా ఎలా రాగలవు?"

నిజమే కదా! విమానంలో వచ్చినా రెండ్రోజులు పడుతుంది. దిగాను.

ఇక్కడ బస్సెక్కితే రెండు గంటల్లో మా ఇల్లు. ఫోన్లో చూశానే. అమ్మ ఫోన్ మామ్మ మొహం మీద పెట్టింది. ముక్కులో దూది, నుదుటి మీద పెద్ద బొట్టు. పక్కనెవరో అంటున్నారు, "అయ్యో పాపం, ఆ పిల్ల అంత దూరంలో ఉండిపోయిందండీ, కడసారి చూపుకి కూడా నోచుకోలేదు" అని. మా బాబాయి ఫోన్ లాక్కుని ఏడుస్తూ, "నువ్వు మాత్రం చదువు పాడుచేసుకుని రావద్దమ్మా, మామ్మ ఆత్మ క్షోభిస్తుంది" అన్నాడు. అలాగే బాబాయ్ అన్నాను. ఏడవకు బాబాయ్ అని కూడా అన్నాను.

నాకేం ఏడుపు రాలేదు.

తర్వాత అత్తయ్య ఫోన్ చేస్తే అడిగాను. "మామ్మ కోసమేగా దాక్కోమన్నారు? ఇంకెవరి కోసం?" అని. "తల్లి పోయి మీ నాన్న పుట్టెడు దుఃఖంలో ఉంటే ఇప్పుడా ఈ మాట? ఊళ్ళో మొహం ఎక్కడ పెట్టుకుంటాడే?" అంది.

అస్థికలు రాజమండ్రి తెచ్చారు, గోదాట్లో కలపడానికి. ఫోన్లో మావయ్య మాటల్లో తెలిసింది నాకు. ఇంట్లో ఎవరూ లేరు. చున్నీ నెత్తిమీదుగా కప్పుకుని ఆటో ఎక్కాను. ఎందుకెళ్ళానో అడక్కు, తెలీదు. ఘాట్ మెట్ల మీద జనం బాగానే ఉన్నారు. చెప్పులు పైన వదిలేసి, పూలమ్మే ఆవిడ పక్కన నిలబడ్డాను.

నాన్నగారు మొలలోతు నీళ్ళలో ఉన్నారు. తల గొరిగించుకుని. అలా ఎప్పుడూ చూడలేదే ఆయన్ని, చిన్న పిల్లాడిలా ఉన్నారు. పంతులుగారు మంత్రం చెబుతుంటే వెనకాలే అంటున్నారు. కుండ వదిలి, మునిగి, లేచి, మొహం మీద నీళ్ళు తుడుచుకుని ఇటు తిరిగారు. సూటిగా నన్నే చూశారు.

నేను చున్నీ తీసేశాను.

చూశారు సత్యా. ఆ చూపు నాకు తెలుసు, గుర్తుపట్టారు. పెదాలు కదిలాయి కూడా. ఇంతలో మా బాబాయి ఒడ్డు మీంచి "అన్నయ్యా, జాగ్రత్త, మెట్టు జారుతుంది" అన్నాడు. నాన్నగారు అటు తిరిగారు. బాబాయి చెయ్యి పట్టుకుని పైకొచ్చారు. నా ముందు నుంచే, ఇదిగో ఇంత దూరంలోంచి వెళ్ళారు. తడి పంచె నీళ్ళు నా పాదాల మీద పడ్డాయి. తలెత్తలేదు.

వాళ్ళ కారు వెళ్ళిపోయాక నీళ్ళలోకి దిగాను. మూడు మునకలు వేసి అదే ఆటోలో వచ్చేశాను. కోపమా? రాలేదే! వస్తే బాగుండుననిపించింది. అంతే.

ఆ సాయంత్రం నాన్నగారు ఫోన్ చేశారు. "చెప్పుల్లేకుండా నిలబడ్డావు. మెట్లు మండిపోతున్నాయి. కాళ్ళు కాలాయా తల్లీ?" అన్నారు.

అప్పుడు చెప్పచ్చు కదా? కాలాయి నాన్నా, వచ్చి తీసుకెళ్ళు అనచ్చు. ఆ ఒక్క మాట అంటే వచ్చేసేవారు. ఆ గొంతు అలా ఉంది. నాకు తెలుసు.

"నేనెక్కడ నిలబడ్డాను నాన్నగారూ? నేను ఫిన్లాండ్‌లో ఉన్నాను కదా" అన్నాను.

ఆయన "అవునమ్మా" అన్నారు. "చలి ఎలా ఉంది?"

"పర్లేదు. అలవాటైపోయింది."