క్లూనారా గుట్టకు కావలి కాసిన అట్రాక్టా మెస్కెల్ గారు

1983 సెప్టెంబరు పన్నెండవ తేదీన, టిప్పరెరీ కొండల దిగువనున్న క్లూనారా ఆరోగ్య కేంద్రంలో శ్రీమతి అట్రాక్టా మెస్కెల్ గారు నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. అంతకు ఏడాది ముందే అక్కడి గని మూతపడింది. ముత్తాతలు సీసం కోసం తవ్విన ఆ కొండను తరువాతి తరాలు జింకు కోసం మరింత లోతుగా తొలిచాయి. ఖనిజం అడుగంటగానే కంపెనీ యంత్రాలు విప్పుకొని వెళ్లిపోయింది. ఊరికి మిగిలినవి నీరు నిండిన సొరంగాలు, ఖనిజం తీసేసిన పిప్పిని పోసిన బూడిదరంగు గుట్ట, పని పోయిన మగవాళ్లు. వారిలో అట్రాక్టా గారి భర్త డినీ గారు ఒకరు.

తొలి సంవత్సరాలు బాలింతల సేవలో, టీకాల పనిలో ప్రశాంతంగానే గడిచాయి. 1986 వసంతంలో వానలు మొహం చాటేశాయి. గుట్ట మీది తడి ఆరిపోయింది. తూర్పుగాలి లేచిన నాడు గుట్ట దుమ్ము రేగి బడి కిటికీలు మసకబారాయి, ఆరేసిన దుప్పట్లు నల్లబడ్డాయి, పేకీ ట్రేసీ అనే రైతు దొడ్డిలో దూడలు వణుకుతూ కూలిపోయాయి. పశువులను పట్టినది పసివాళ్లను విడిచిపెడుతుందా అన్న భయం అట్రాక్టా గారికి కంటి మీద కునుకు లేకుండా చేసింది. సీసం చేరిందేమోనని పిల్లల రక్తాన్ని పరీక్షకు పంపాలని సంకల్పించి ఇంటింటికీ బయలుదేరారు.

పేకీ గారు గుమ్మంలోనే అడ్డు నిలిచారు. "నీ సూది పట్టుకుని వచ్చిన దారినే వెళ్లు, అట్రాక్టా. ఈ మాట పొక్కిందంటే రేపు మా పాలు కొనే నాథుడుండడు."

"నీ మనవడు తాగేదీ ఆ పాలే కదా, పేకీ?"

"వాడు గుండ్రాయిలా ఉన్నాడులే!"

ఇంట్లోనూ ఎదురుగాలే. "ఇన్నేళ్లూ మనకి తిండి పెట్టిన గని. దాని మీదే బురద చల్లుతావా?" అన్నారు డినీ గారు.

"తిండి పెట్టిన చెయ్యి కడుక్కోమంటున్నాను. నరికెయ్యమన్నానా?"

ఆ ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక, జనమంతా టీ కోసం చేరిన హాలులో, ఆమె తన మూడేళ్ల కుమార్తె డెర్వ్లాను ఒడిలో కూర్చోబెట్టుకొని, అందరూ చూస్తుండగా రక్తం తీశారు. ఎవరూ ముందుకు రాలేదు. ఫలితం డబ్లిన్‌లోని ప్రయోగశాల నుంచి రావలసి ఉంది. అన్ని రోజులూ తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతూ, పాప కడుపునొప్పి అన్నప్పుడల్లా ఉలిక్కిపడుతూ, తన అనుమానం అబద్ధం కావాలని కోరుకుంటూ ఆమె గడిపారు.

అబద్ధం కాలేదు. మరుసటి ఆదివారం అదే హాలులో లేచి నిలబడ్డారు. "మా పిల్ల రక్తంలో సీసం ఉంది. మా పెరటి క్యారెట్లు బలమని నేనే తినిపించాను. మీ పిల్లలకి ఉందో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు," అని కూర్చున్నారు. అంతసేపూ తల వంచుకొని ఉన్న డినీ గారు లేచి వచ్చి ఆమె పక్కన నిలిచారు. కాసేపటికి పేకీ గారు మనవడి చెయ్యి పట్టుకొని వచ్చి, "సూది సన్నదేనా?" అని అడిగారు. వారి వెనుక ఊరు వరుస కట్టింది.

ఆ వరుసలో చాలామంది పిల్లల రక్తంలో సీసం బయటపడింది. ఆ లెక్కలే అధికారులను కదిలించాయి: పెరళ్ల మట్టి మార్చారు, గుట్ట మీద మంచి మట్టి కప్పి గడ్డి నాటారు. అందుకు పట్టిన సుదీర్ఘకాలంలో పొడిగాలి రోజున బడి తలుపులు మూయించే బాధ్యతను, జిల్లా నర్సుల పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన తరువాత కూడా, ఆమె ఇతరులకు వదలలేదు. డెర్వ్లాకు చదవడం ఆలస్యంగా వచ్చింది. దానికి సీసమే కారణమో కాదో ఏ వైద్యుడూ తేల్చి చెప్పలేదు. తల్లి అడగడం మానలేదు. నేడు ఆ డెర్వ్లా మన ఊళ్లోనే వడ్రంగి దుకాణం నడుపుతూ, ఈ పదవీ విరమణ సభలో ముందు వరుసలో కూర్చున్నారు.

గత నెలలో గొర్రెలు తొక్కి గుట్ట అంచున గడ్డి ఊడిందని, బూడిదరంగు మళ్లీ కనబడుతోందని అట్రాక్టా గారు మమ్మల్ని వెంటబెట్టుకెళ్లి చూపించారు. కంచె వేయించాము.

అమ్మా, ఆ గుట్ట ఇంకా అక్కడే ఉంది. దాని బెంగ మాత్రం ఇకపై మాది. డినీ గారితో, డెర్వ్లాతో, మీరు నిండు నూరేళ్లు ఆరోగ్యంగా, కంటినిండా నిద్రపోతూ జీవించాలని మనసారా కోరుకుంటున్నాము.